‘ఇక్కడ సిగ్గేందమ్మా?’ అనే మాట మీద

ఆపరేషన్ అయిన మూడో రోజు పొద్దున కట్టు మార్చడానికి నర్సు ట్రాలీ తోసుకుంటూ వస్తుంది. పేరుకి అది ఆడవాళ్ళ వార్డే. మంచాల చుట్టూ మాత్రం మొగుళ్ళు, కొడుకులు, మరుదులు, టీ ఫ్లాస్కు పట్టుకుని తిరిగే కుర్రాడు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఒక పని జరిగిపోతుంది. పక్క మంచం దగ్గర కూర్చున్నావిడ లేచి, సంచిలోంచి పాత చీర తీసి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస ఎదురు మంచం ముసలమ్మకి అందిస్తుంది. ఇద్దరూ చీరని అడ్డంగా చాపి, మొహాలు అవతలికి తిప్పుకుని నిలబడతారు. కట్టు మార్చడం అయ్యేదాకా చేతులు దించరు. ఒకావిడది చందర్లపాడు వైపు, ఇంకొకావిడది వత్సవాయి వైపు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. మా నందిగామ, జగ్గయ్యపేట మనుషులు చేరే వార్డుల్లో, అటు ఖమ్మంలోనూ ఇటు బెజవాడలోనూ, ఈ చీర తెరని నేను చాలాసార్లు చూశాను. రెండు మూడుసార్లు కొస పట్టుకుని నిలబడ్డాను కూడా.

ఆ చీర అవతల్నించే ఒక మాట వినపడుతుంది. “ఇక్కడ సిగ్గేందమ్మా? ప్రాణం ముఖ్యమా, సిగ్గు ముఖ్యమా?”

నర్సు అంటుంది ఈ మాట. వార్డుబాయ్ అంటాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు తల్లి మీద విసుక్కుంటూ అంటాడు. చివరికి పేషెంటే, లోపల కుంచించుకుపోతూ, తనకి తాను చెప్పుకుంటుంది. అందరూ ఒప్పేసుకున్న మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నాకు ఎదురు చెప్పాలని ఉంది.

ఈ మాట అనేవాళ్ళ వాదాన్ని తక్కువ చేసి చూపను. వాళ్ళు చెప్పేది ఇది: సర్జను కంటికి కనిపించేది జబ్బే, ఒళ్ళు కాదు. వేల పొట్టలు చూసిన మనిషికి మీ పొట్ట మీద ప్రత్యేకమైన ధ్యాస ఏమీ ఉండదు. నలభై మంచాలకి ఇద్దరు నర్సులున్న చోట మంచానికో తెర అడగడం గొంతెమ్మ కోరిక. అన్నిటికన్నా బలమైన మాట చివరిది: సిగ్గే మన ఆడవాళ్ళని చంపింది, కడుపులో గడ్డ కొబ్బరికాయంత అయ్యేదాకా నోరు విప్పరు, రొమ్ములో గడ్డ పుండు పడేదాకా రవిక విప్పరు, కాబట్టి ఆ సిగ్గు వదిలించడం కూడా వైద్యంలో భాగమే.

సర్జను చూపు గురించి వాళ్ళన్నది చాలావరకు నిజం. మంచి సర్జన్లని నేను చూశాను. వాళ్ళ మనసులో వేరే ఆలోచన ఉండదు. కానీ పేషెంటు బాధ డాక్టరు మనసు గురించి కాదు. తలుపు తీసి ఉండటం గురించి, ఆ తలుపు ముందునుంచి ఆక్సిజన్ సిలిండరు మోసుకెళ్ళే మనిషి గురించి, వెనక ముడి లేని గౌను గురించి. డాక్టరు కళ్ళు పవిత్రమైనవని చెప్పి వరండాలో పోయేవాళ్ళందరి కళ్ళకీ అనుమతి ఇచ్చేయడం ఏ న్యాయం?

ఇక సిగ్గే చంపిందన్న మాట. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1890ల్లో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, ఒక అమెరికా మిషనరీ డాక్టరు ఇంటికి వచ్చారు. పురిటి నొప్పులతో కొట్టుకుంటున్న తమ భార్యల దగ్గరికి ఆయన కూతురు ఐడా స్కడ్డర్‌ని పంపమని వేడుకున్నారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని తీసుకెళ్ళమంటే ఆ ముగ్గురూ ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు. చూశారా, సిగ్గూ ఘోషా ఎంత పని చేశాయో అంటారు.

కానీ ఐడా స్కడ్డర్ ఆ రాత్రి నుంచి నేర్చుకున్న పాఠం వేరు. ఆ ఊరి ఆడవాళ్ళకి సిగ్గు వదిలించాలని ఆమె బయలుదేరలేదు. తనే అమెరికా వెళ్ళి డాక్టరై 1900లో తిరిగొచ్చింది, తర్వాత ఆడపిల్లలకి డాక్టరు చదువు చెప్పింది. మనకి కృష్ణ దాటితే గుంటూరు. అక్కడికి 1883లో వచ్చిన ఆనా కుగ్లర్ కూడా ఆడ డాక్టరే. ఆమె 1898లో కట్టించిన ఆసుపత్రిని గుంటూరు జనం ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. అంతకుముందే మద్రాసు వైద్య కళాశాల 1875లో ఆడవాళ్ళకి తలుపు తెరిచింది, 1885లో మద్రాసులోనే ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టారు. విశాఖపట్నంలో ఇప్పటికీ జనం ఘోషాసుపత్రి అనే పేరుతోనే పిలిచే ఆసుపత్రి ఉంది. నూట ముప్పై ఏళ్ళ కిందట ఈ డాక్టర్లు ‘ఇక్కడ సిగ్గేందమ్మా’ అని ఊరుకుని ఉంటే ఆ గడప తొక్కే ఆడమనిషి ఉండేది కాదు. సిగ్గుని గౌరవించారు కాబట్టే జనం వచ్చారు, ప్రాణాలు నిలబడ్డాయి. తిండివనం కథని సిగ్గుకి వ్యతిరేకంగా వాడటం అంటే దాన్ని తలకిందులు చేసి చదవడమే.

ఇంకొక సంగతి. డాక్టరు మెడలో వేలాడే స్టెతస్కోపు పుట్టింది ఒక ఆడమనిషి మర్యాద కాపాడబోయినప్పుడే. 1816లో పారిస్‌లో లైనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం రోగి ఛాతీకి చెవి ఆనించి వినాలి. ఆమె స్థూలకాయం వల్ల చేత్తో తట్టి చూసినా ప్రయోజనం లేదు. వయసులో ఉన్న ఆడమనిషి కాబట్టి చెవి ఆనించడం మర్యాద కాదనుకున్నాడు. కాగితాలు గొట్టంగా చుట్టి ఒక కొస ఛాతీ మీద, రెండోది తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. గుండె చప్పుడు అంతకుముందెన్నడూ విననంత స్పష్టంగా వినపడింది. ఆ రోజు ఆయన కూడా ‘ప్రాణం ముఖ్యమా, సిగ్గు ముఖ్యమా’ అని చెవి ఆనించేసి ఉంటే ఆ కాగితం గొట్టం పుట్టేది కాదు.

మా అమ్మ సంగతి చెబుతాను. ఏ ఊరో, ఏ ఆసుపత్రో చెప్పను. దాని మీద ఫిర్యాదు రాయడం నా ఉద్దేశం కాదు. గర్భసంచిలో గడ్డలు, ఆగని రక్తస్రావం, ఆపరేషన్ తప్పదన్నారు. మిరప కోతలు అయ్యేదాకా ఆగి, పిండివంటల డబ్బాతో సహా సంచి సర్దుకుని వచ్చింది. పొద్దున ఆరింటికి ఒక ఆకుపచ్చ గౌను చేతికిచ్చి మార్చుకోమన్నారు. ఎక్కడ మార్చుకోవాలో చెప్పలేదు. బాత్రూము గడియ పడదు. నేను తలుపుకి వీపు ఆనించి నిలబడితే లోపల మార్చుకుంది. గౌనుకి వెనక మూడు జతల నాడాలుండాలి. రెండు తెగిపోయాయి. అరవై ఏళ్ళ మనిషి ఎడమచెయ్యి వెనక్కి పెట్టి గౌను రెండు అంచులూ కలిపి పట్టుకుని, కుడిచేత్తో గోడ పట్టుకుని నడిచి వచ్చింది. “ఇదేందే, ఎనక అంతా తెరిచే ఉందిగా” అంది. నా దగ్గర జవాబు లేదు. నా చున్నీ తీసి నడుం చుట్టూ కట్టాను. థియేటరు గుమ్మం దగ్గర దాన్ని లాగి నా చేతికిచ్చేశారు.

పుస్తెలు తీయమన్నారు. మా వైపు ఆడవాళ్ళకి ఈ సంగతి ముందే తెలుసు. బంగారం తీసేసి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వస్తారు. అమ్మా అలాగే వచ్చింది. “అదీ తీసెయ్, ఏం కాదులే” అన్నాడు అక్కడి మనిషి. బంగారం తీయమనడానికి సరైన కారణమే ఉంది. రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం ఉంది. ఈ ఒక్క వాక్యం చెబితే మా అమ్మ గాజులు, మెట్టెలు తనే తీసి ఇచ్చేది. పసుపుకొమ్ము లోహం కాదు. గర్భసంచి ఆపరేషన్‌కి మెడలో పసుపుతాడు అడ్డమూ కాదు. అంతగా శుభ్రం కావాలంటే మణికట్టుకి కట్టి పైన ప్లాస్టరు వేయొచ్చు. కారణం తెలిసిన వాళ్ళు చెప్పలేదు, చెప్పినవాడికి కారణం తెలియదు.

తర్వాత థియేటరు బయట స్ట్రెచరు మీద గంటసేపు. తర్వాత లోపల. కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా వంచి, వెన్నులో సూది వేశారు. ఆ మత్తు ఛాతీ కింది భాగానికే పనిచేస్తుంది. చెవులకి మత్తు ఉండదు. ఇది మనం మర్చిపోయే సంగతి. కాన్పు ఆపరేషన్లలో, గర్భసంచి ఆపరేషన్లలో చాలావాటికి ఇదే మత్తు. పేషెంటు మెలకువగానే ఉంటుంది. తల దగ్గర ఒక గుడ్డ అడ్డం కట్టి, ఆమె లేనట్టే మాట్లాడుకుంటారు. ఎవరి ఫోనో మోగడం, ఎవరో స్థలం బేరం మాట్లాడటం, తన ఒంటి గురించి ఎవరో అన్న మాట, దానికి ఇంకొకరి నవ్వు, అన్నీ అమ్మ విన్నది. ఆ మాటేమిటో నాకు ఆరు నెలలదాకా చెప్పలేదు. చెప్పిన రోజు గోడవైపు తిరిగి చెప్పింది.

కుట్లు విప్పించుకోవడానికి మళ్ళీ అక్కడికి రానంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంటికొచ్చి విప్పాడు. నాలుగేళ్ళకి రొమ్ములో గడ్డ తగిలితే ఏడు నెలలు దాచింది. అది మామూలు గడ్డేనని తేలింది కాబట్టి ఈ మాట ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను. కానీ ఆ ఏడు నెలల్ని ఎవరి ఖాతాలో రాయాలి? సిగ్గు ఖాతాలోనా, లేక సిగ్గు తీసిన చోటి ఖాతాలోనా? పల్లెటూరి ఆడవాళ్ళు ఆలస్యంగా వస్తారని డాక్టర్లు విసుక్కోవడం వింటుంటాం. ఆలస్యంగా వచ్చే ప్రతి మనిషి వెనకా ఇలాంటి మొదటి అనుభవం, తనదో, తల్లిదో, తోటికోడలిదో, ఉందేమో ఒక్కసారి అడిగి చూడమని నా విన్నపం.

ఆపరేషన్‌కి ఒళ్ళు కనపడక తప్పదు. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నదే అసలు సంగతి. వైద్యానికి అవసరమని మనల్ని నమ్మించిన చాలా పనులు వైద్యానికి అక్కర్లేనివే. వెంట్రుకలు గీయడమే తీసుకోండి. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం బ్లేడు పట్టుకుని ఒక మనిషి వస్తాడు. ఎక్కడిదాకా గీస్తాడో అతని ఇష్టం. మగవాళ్ళు కూడా ఆ పది నిమిషాలు తలుచుకుంటే తల దించుకుంటారు. ఇదంతా చీము పట్టకుండా ఉండటానికేనని చెబుతారు. 1971లోనే సెరోపియన్, రెనాల్డ్స్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు లెక్క తీసి చూపించారు: బ్లేడుతో గీసినవాళ్ళలో 5.6 శాతం మందికి కోత చోట చీము పట్టింది, గీయనివాళ్ళలోనూ క్రీముతో తీసినవాళ్ళలోనూ 0.6 శాతం మందికే. బ్లేడు చర్మం మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది, క్రిములు అక్కడే ఇల్లు కట్టుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తేల్చి చెప్పింది: వెంట్రుకలు అసలు తీయొద్దు, మరీ తప్పకపోతే క్లిప్పరుతో కత్తిరించండి, బ్లేడు మాత్రం వద్దు. అంటే ఏళ్ళ తరబడి మన మర్యాద తీసిన ఆ పని మన ఆరోగ్యాన్ని కూడా చెడగొట్టింది. సిగ్గుపడి ‘వద్దయ్యా’ అన్న ముసలమ్మే సైన్సు వైపు నిలబడింది.

జగ్గయ్యపేటలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. వార్డు నుంచి థియేటరు దాకా తల మీద గుడ్డ లేకుండా తీసుకెళ్ళడం ఆ ఆడవాళ్ళకి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. థియేటర్లో అందరూ జుట్టు కప్పే టోపీ పెట్టుకోవాల్సిందే కదా. ఆ టోపీ ఆమెకి వార్డులోనే, చేతికి ఇస్తే సరిపోతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఎవరికీ తట్టకపోవడమే ఇక్కడి జబ్బు.

భయం సంగతికి వద్దాం. ‘భయపడకమ్మా, ఏం కాదు’ అనడంతో మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. ఏం జరగబోతోందో చెప్పకుండా భయపడొద్దంటే చీకట్లోకి తోసి కళ్ళు తెరవమన్నట్టుంటుంది. బోస్టన్‌లోని మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1964లో ఒక చిన్న పని చేసి ఫలితాలు అచ్చు వేశారు. పొట్ట ఆపరేషన్ చేయించుకోబోయే 97 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ముందురోజు రాత్రే మత్తు డాక్టరు మంచం దగ్గరికెళ్ళి, లేచాక నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది, ఒళ్ళు ఎలా వదులు చేసుకోవాలి, ఎలా పక్కకి తిరగాలి అని వివరంగా చెప్పాడు. రెండో గుంపుకి చెప్పలేదు. చెప్పించుకున్నవాళ్ళకి నొప్పి తగ్గించే మత్తుమందు సగమే సరిపోయింది. సగటున 2.7 రోజులు ముందే ఇంటికి వెళ్ళారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో ఇంటికి పంపే సర్జన్లకి తెలియదు కూడా. మంచాలు చాలవు, మందులు చాలవు అనేవాళ్ళు ఈ 2.7 రోజుల్ని లెక్క వేసుకోవాలి. పేషెంటుతో పది నిమిషాలు మాట్లాడటం దయాదాక్షిణ్యాల పద్దు కింద రాసేది కాదు, మందు కింద రాయాల్సింది.

మన దగ్గర ముందురోజు పేషెంటు దగ్గరికి వచ్చేది సంతకం కాగితం. ఇంగ్లీషులో ఉంటుంది. ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని వేలు పెట్టి చూపిస్తారు. భర్త పెడతాడు, లేకపోతే కొడుకు. ఆ కాగితానికి అసలు మనిషి పక్కనే కూర్చుని ఉంటుంది, ఆమె మొహం ఎవరూ చూడరు. సమీరా కోహ్లీ అనే ఆమె కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు ఈ సంగతి గురించే. 1995లో ఆమె పరీక్ష కోసం మత్తులోకి వెళ్ళింది. మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి ఆమె గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మైనరు కాని మనిషి, తెలివిలోకి వచ్చాక తనే చెప్పగల మనిషి, ప్రాణాపాయం లేదు, అలాంటప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. డాక్టరు ఫీజు వదులుకుని పాతికవేలు కట్టాల్సి వచ్చింది. డబ్బు చిన్నదే. మాట పెద్దది: ఒంటికి యజమాని ఆ ఒంట్లో ఉన్న మనిషే.

ఈ తీర్పు మన రాష్ట్రంలో ప్రతి గోడ మీదా రాయాల్సింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. దేశంలో అందరికంటే ఎక్కువ. 2019–21 సర్వేలోనూ పెద్ద తేడా లేదు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, డబ్బు కూడా అందులో ఒకటి. కానీ సిగ్గుకి సంబంధించిన కారణాన్ని నేను మా ఊళ్ళలో కళ్ళారా చూశాను. తెల్లబట్ట అవుతోందనో, నెల నెలా తట్టుకోలేని నొప్పనో చెప్పుకోవడానికి ఒక గది, ఒక తలుపు, వినే ఒక ఆడమనిషి కావాలి. అవి లేవు. చుట్టూ పదిమంది క్యూలో ఉండగా గొంతు తగ్గించి సగం మాట చెబుతుంది. ‘సంచి తీయించెయ్, పీడా పోద్ది’ అంటారు. మళ్ళీ మళ్ళీ వచ్చి విప్పి చూపించుకోవడం కంటే ఒక్కసారి తీయించేసుకోవడమే నయమని ఆమె కూడా అనుకుంటుంది. సిగ్గుని పట్టించుకోకపోతే సిగ్గు పోదు. ముప్పై అయిదేళ్ళకి గర్భసంచి పోతుంది.

మన పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. అంటే మా వైపు చాలామందికి థియేటరు మొదటి పరిచయం ట్యూబెక్టమీయే. అందులోనూ చాలామందికి క్యాంపుల్లో, వరసగా, ఒకరి పక్కన ఒకరు. మందకి టీకాలు వేసినట్టు అని మా పెద్దమ్మ అనేది. ఇంతమందిని ఒక పూటలో చెయ్యాలంటే ఎవరి సిగ్గు చూడగలం అంటారు. ఆ వేగం ఎక్కడిదాకా వెళ్తుందో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో తేలింది. ఒకే డాక్టరు ఒక్క పూటలో 83 మంది ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేశాడు. ఆ రోజుల్లో అక్కడి క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది చనిపోయారు. దేవికా బిశ్వాస్ అనే ఆమె వేసిన కేసులో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ క్యాంపుల్ని మాన్పించమని ప్రభుత్వాలకి చెప్పింది. మనిషికీ మనిషికీ మధ్య తెర కట్టే తీరిక లేని చోట మనిషికీ మనిషికీ మధ్య చేతులు కడుక్కునే తీరిక మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

మగవాళ్ళ గురించి ఎవరూ రాయరు. హైవే వెంట గోడల మీద చూడండి, మొలలు, లూటీ, వరిబీజం, ఆపరేషన్ లేకుండా నయం అని రంగులతో రాసి ఉంటాయి. ఆ గోడలకి గిరాకీ తెచ్చేది ఎవరు? ఆసుపత్రిలో పదిమంది ముందు పంచె విప్పి పక్కకి తిరగమంటే తిరగలేనివాళ్ళు. ట్రాక్టరు డ్రైవరు, సిమెంటు ఫ్యాక్టరీ కూలీ, రిటైరైన మేష్టారు. గోడ మీద నంబరువాడు ఒక చీకటి గదిలో, ఒంటరిగా, తలుపు వేసి చూస్తాడు. అతనికి వైద్యం రాదు, కానీ తలుపు వేయడం వచ్చు. ఆ ఒక్క తలుపు కోసం మా వాళ్ళు పుండు చీము పట్టేదాకా డబ్బు పోసి, చివరికి కుర్చీలో కూర్చోలేని స్థితిలో బెజవాడ బస్సెక్కుతారు. అప్పుడు డాక్టరు ‘ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా’ అని కసురుతాడు.

‘సిబ్బంది లేరు, డబ్బు లేదు’ అన్న మాటకి నేను ఒకటే అడుగుతాను. అదే ఆసుపత్రికి డాక్టరు గారి అత్తగారు పేషెంటుగా వస్తే ఏం జరుగుతుంది? దుప్పటి దొరుకుతుంది. గౌనుకి నాడాలు దొరుకుతాయి. తలుపు మూసుకుంటుంది. ‘ఇప్పుడు వెన్నులో చిన్న సూది వేస్తామండీ, కొంచెం చల్లగా ఉంటుంది’ అనే గొంతు కూడా అదే సిబ్బంది నుంచి వస్తుంది. ఆ గంటసేపు కొత్తగా ఉద్యోగులెవరూ రాలేదు, బడ్జెటు పెరగలేదు. అంటే లేనిది డబ్బు కాదని తేలిపోయింది కదా. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక పేదవాడికి పెద్ద ఆపరేషన్ అందింది. అది చిన్న సంగతి కాదు, నేను ఎంతో విలువనిచ్చే సంగతి. కానీ ఉచితంగా చేయించుకుంటున్నావు కాబట్టి నోరెత్తకు అనే చూపు కూడా దాని వెంటే వచ్చింది. వైద్యం ఉచితమైతే మనిషి చవకవుతాడా?

రాతలో ఏ లోటూ లేదు. ఆడ పేషెంటుని మగ డాక్టరు పరీక్షిస్తున్నప్పుడు ఇంకొక ఆడమనిషి గదిలో ఉండాలని, పేషెంటుకి గోప్యత హక్కని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకి పంపింది. కాన్పు గదుల్లో బల్లకీ బల్లకీ మధ్య తెర ఉండాలని 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం చెబుతోంది. పేషెంటుని గుర్తుపట్టేలా ఫోటోలు ఆమె అనుమతి లేకుండా ప్రచురించకూడదని వైద్యమండలి 2002 నియమాల్లో ఉంది. థియేటర్లో ప్రతి జేబులోనూ ఫోను ఉన్న ఈ రోజుల్లో ఆ నియమాన్ని అచ్చులోంచి తీసి తలుపు మీద అంటించాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాట మీద చెప్పారు. ఆ తీర్పు గురించి ఆధార్ కార్డుల మీద, ఫోన్ల మీద ఎన్నో చర్చలు విన్నాను. మంచం మీద పడుకున్న మనిషికి కూడా అది వర్తిస్తుందని ఎవరూ అనగా వినలేదు.

అమ్మ రొమ్ములో గడ్డకి పరీక్ష చేయించడానికి వేరే ఊరు, వేరే చోటుకి తీసుకెళ్ళాను. చాలా బతిమాలాల్సి వచ్చింది. అక్కడి నర్సుకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తలుపు వేసి, గడియ పెట్టి, “పెద్దమ్మా, ఎడమపక్క ఒక్కటే తీస్తాను, కుడిపక్క దుప్పటి అట్టాగే ఉంటది. సార్ వచ్చి సూదితో కొంచెం తీస్తాడు. నేను ఇక్కడే ఉంటా” అంది. సార్ తలుపు తట్టి, ఆమె రమ్మన్నాకే లోపలికి వచ్చాడు. మొత్తం పావుగంట. అమ్మ బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, “ఆ పిల్లది ఏ ఊరో కనుక్కున్నావా?” అంది. కనుక్కోలేదన్నాను. మళ్ళీ లోపలికెళ్ళి తనే కనుక్కుని వచ్చింది. పెనుగంచిప్రోలు. వచ్చే తిరపతమ్మ తిరణాలకి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి పోదామంది. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు పరీక్షకి రమ్మన్నారు. ఒక్కసారి కూడా నేను గుర్తు చెయ్యాల్సిన అవసరం రాలేదు.